భోజనాల దగ్గర ఆగిన రక్తం

హూరియా ఇంటికి వెళ్లి ఏమీ తినకుండా బయటపడ్డ మనిషి ఒమాపియా రేవులో ఒక్కరూ లేరు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడూ తినాల్సిందే, దేవుడి మాట చెప్పడానికి వచ్చినవాళ్లూ తినాల్సిందే. ఒకసారి కుక్కలకు లైసెన్సు ఉందా లేదా అని ఆరా తీయడానికి కౌన్సిలు ఉద్యోగి ఒకడు వచ్చాడు. పంది ఎముకలూ వాగు ఒడ్డు ఆకుకూరా వేసి కాచిన పులుసు అతని చేత రెండు గిన్నెలు తాగించి, చేతిలో రొట్టె పొట్లం పెట్టి మరీ పంపింది. పంటు ఎక్కి అవతలి ఒడ్డుకు చేరాక గాని, కుక్కల మాట అడగనేలేదని ఆ మహానుభావుడికి గుర్తు రాలేదట. ఊళ్లో ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుతారు.

మెరెయానా ఆ చేతి తిండి తినే పెరిగింది. ఇంట్లో అందరూ ఆమెను మెరే అంటారు. హూరియా ఆమెకు కన్నతల్లి కాదు, పెద్దమ్మ. చెల్లెలు కన్న పిల్లను పొత్తిళ్లలో ఉండగానే తెచ్చుకుని పెంచింది. కన్నతల్లి ఆస్ట్రేలియాలో ఏదో గని దగ్గర వంటశాలలో పనిచేస్తూ క్రిస్మస్‌కు ఫోను చేసేది. అక్కాచెల్లెళ్ల మధ్య ఇలాంటివి అక్కడ మామూలే, ఎవరూ వింతగా చూడరు. పిల్లను ఎత్తుకుని ఇంటికి వచ్చిన రోజునే హూరియా సిగరెట్లు మానేసింది. అంతకు ముందు మాంసం ఫ్యాక్టరీలో ఆమెకు సాటిగా పొగ తాగిన ఆడమనిషి లేదని చెబుతారు.

"ఒక చేత్తో పాలసీసా, ఇంకో చేత్తో సిగరెట్టూ పట్టుకుంటే నిన్ను ఎత్తుకోవడానికి చెయ్యేదే పిల్లా?" అనేది ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే.

ఊళ్లో పొగ తాగనివాళ్లు తక్కువ. ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్న మాట ఎప్పుడు వినపడినా, దాని వెనకాలే శవపేటిక మాట వినపడేది. ఆ జబ్బుకొక దుర్మార్గపు గుణం ఉంది. మొదట్లో నొప్పి పెట్టదు, దగ్గు కూడా చలికాలపు దగ్గులాగే ఉంటుంది. స్కాను తీసే యంత్రం ఎక్కడో పట్నంలో, పంటు దాటి కొండలు దాటి పోవాలి. రక్తం కక్కేదాకా ఎవరూ కదలరు, కదిలేసరికి చేయగలిగిందేమీ ఉండదు. హూరియా మొగుడు అలాగే పోయాడు. అప్పటికి మెరే స్కూల్లో చదువుతోంది. శవం పక్కన చాప మీద కూర్చుని, "ముందే తెలిసుంటే బతికేవాడా?" అని అడిగింది. ఆ ప్రశ్న పిల్లను పట్టుకుని వదల్లేదు.

జీవశాస్త్రం చదివింది, దాని మీద కంప్యూటర్ల చదువు చదివింది. చివరికి ఆక్లాండు పట్నంలో ఒక పరిశోధనశాలలో కుదురుకుంది. రక్తంతో పనిచేసే చోటే గాని, ఆమె రక్తం చేత్తో ముట్టుకోదు. గొట్టాల్లోని రక్తాన్ని వేరేవాళ్లు యంత్రానికి పెడతారు. రక్తంలో తేలాడే సన్నని ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని యంత్రం చదివి, ఏ ముక్క ఎంత ఉందో అంకెల్లో ఇస్తుంది. ఒక్క మనిషి రక్తానికే వేల అంకెలు. జబ్బున్నవాళ్ల అంకెలు ఒకవైపు, లేనివాళ్లవి ఒకవైపు పోసి, రెంటికీ తేడా ఎక్కడుందో కంప్యూటరు చేత వెతికించడం మెరే పని. గట్టిగా నిలబడే తేడా దొరికితే దాన్ని గుర్తు అంటారు. ఆ గుర్తు చేతికొస్తే దగ్గు మొదలవకముందే, స్కాను దాకా పోనక్కర్లేకుండా, ఒక్క గొట్టం రక్తంతో జబ్బును పట్టుకోవచ్చు.

"అయితే రోజంతా రక్తం చూస్తూ కూర్చుంటావా?" అని అడిగింది పెద్దమ్మ.

"రక్తం కాదు పెద్దమ్మా, రక్తం తాలూకు అంకెలు."

"అంకెలు చూస్తే కడుపు నిండుతుందా? అందుకే అలా పుల్లలా తయారయ్యావు. ఇంకో రొట్టె వేసుకో."

జబ్బున్నవాళ్ల రక్తం పట్నం ఆసుపత్రిలోనే దొరికింది. జబ్బు లేనివాళ్ల రక్తం కావలసి వచ్చింది. అది ఆ నేల మూలవాసులైన తన జనం రక్తమే అయి తీరాలని మెరే పట్టుబట్టింది. ఎవరెవరి రక్తం మీదో కనిపెట్టిన పరీక్షలు తమవాళ్ల దగ్గరికి వచ్చేసరికి తడబడటం ఆమె చూసింది. పరిశోధనశాల పెద్ద అలిస్టర్ నెమ్మదైన మనిషి. "మీ వాళ్లు ఒప్పుకుంటే అంతకంటే ఏం కావాలి?" అన్నాడు. ఒప్పించడం అతని పని కాదు కదా.

ఊరందరి ఇల్లయిన మరాయెలో సభ పెట్టారు. ముసలివాళ్లు లేచి గట్టిగానే మాట్లాడారు. ఒంట్లోంచి తీసిన రక్తం ఒంటితో సమానం, దాన్ని తీసుకెళ్లి పట్నంలో ఎవరి చేతుల్లోనో పెట్టడమేమిటని నిలదీశారు. మెరే మొహం వేలాడేసుకుని కూర్చుంది. అప్పుడు వంటింటి వైపు నుంచి హూరియా వచ్చింది, చేతులకు పిండి అలాగే ఉంది.

"మన రక్తం మట్టిలోకి పోతుంటే ఏడుస్తూ చూస్తూనే ఉన్నాం. బతికుండగా కూడా ఒకసారి చూడనివ్వండి," అంది. "ఒకటే షరతు. వాడగా మిగిలింది చుక్క కూడా అక్కడ ఉండకూడదు, ఇంటికి రావాలి. నా పిల్ల తీసుకెళ్తోంది, నా పిల్లే తిరిగి తెస్తుంది. తేకపోతే దాని సంగతి నేను చూసుకుంటా."

అంతే, సభలో నవ్వులు మొదలయ్యాయి. ఆ నవ్వుతోనే అనుమతీ వచ్చింది.

రక్తమిచ్చే రోజున ప్రార్థన కాగానే అందరికంటే ముందు చొక్కా చెయ్యి పైకి మడిచింది హూరియానే. పెద్దదాన్ని నేనిస్తే గాని చిన్నవాళ్లు కదలరని ఆమె లెక్క. తర్వాత ముసలివాళ్లు, వయసువాళ్లు, సూది చూసి కళ్లు మూసుకునే కుర్రాళ్లు వరసగా వచ్చారు. హూరియా తమ్ముడు తామతీ గొట్టాలన్నీ ఐసు పెట్టెలో సర్ది వ్యాన్‌లో పెట్టి, చెట్టు నీడన ఆపాడు. అవతలి ఒడ్డున చిన్న ఆసుపత్రిలో రక్తాన్ని గిరగిరా తిప్పి కణాల్ని వేరు చేసే యంత్రం ఉంది, అక్కడికి చేర్చడం అతని పని. ఈలోగా గోతిలో కాలిన రాళ్ల మీద పెట్టి మట్టి కప్పిన వంట పూర్తయింది. మట్టి తీయగానే పంది మాంసం, చిలగడదుంపలు, గుమ్మడికాయ పొగవాసనతో ఊరంతా గుమగుమలాడింది. అందరూ బల్లల ముందు కూర్చున్నారు. నర్సు కూర్చుంది, తామతీ కూర్చున్నాడు, మెరే ఏం తక్కువ తిన్నదా, రెండోసారి కూడా వడ్డించుకుంది. పాటలు పాడారు, టీలు తాగారు, మళ్లీ ప్రార్థన చేశారు. తర్వాత వ్యాన్ బయలుదేరింది.

గుర్తు దొరికింది. నాలుగు ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, నాలుగూ జబ్బు లేనివాళ్లలో ఎక్కువగా, ఉన్నవాళ్లలో తక్కువగా ఉన్నాయి. ఒకటీ అరా తేడా కాదు, రెండు గుంపులూ తెరమీద రెండు దీవుల్లా విడిపోయాయి. మెరే తన కళ్లను తనే నమ్మలేక మొదటి నుంచి మళ్లీ చేసింది. మళ్లీ అదే వచ్చింది. అలిస్టర్ ఆమె కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వ్యాసం రాసి పత్రికకు పంపారు. పెద్దమ్మకు ఫోను చేస్తే ఆమె ఊరంతా చాటింది. "మన బల్లల దగ్గర దొరికిందర్రా ఆ జబ్బు గుట్టు," అని ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పి, చెప్పాక తినిపించింది.

ఆ చలికాలం హూరియాకు దగ్గు పట్టుకుంది. అందరికీ ఉన్నదేగా అంటూ కొట్టిపారేసింది. తామతీ బలవంతాన పంటు ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి, జబ్బు ఊపిరితిత్తి దాటి ఎముకల్లోకి పాకిపోయింది. డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు మెరే పక్కనే ఉంది. పెద్దమ్మ డాక్టరు మొహం చూసి, "పాపం ఈ డాక్టరు పిల్లకు పొద్దున్నుంచి తిండి ఉన్నట్టు లేదు," అంది. మెరే వసారాలోకి వెళ్లి గోడ పట్టుకుని ఏడ్చింది.

ఇంటికి తిరిగొచ్చాక ఒక సాయంత్రం, మడచెట్ల మీదుగా నీళ్లు వెనక్కి పోతుంటే చూస్తూ పెద్దమ్మ అడిగింది.

"నా రక్తం నీ దగ్గరుందిగా?"

"ఉంది పెద్దమ్మా."

"అది ముందే చెప్పిందా?"

గొట్టాల మీద పేర్లుండవు, ఎవరిది ఏదో చూడకూడదు. మెరే ఆ మాటే చెప్పబోయింది.

"అవన్నీ నాకు తెలుసులే. నా రక్తం గురించి నేనే అడుగుతున్నాగా, కావాలంటే సంతకం పెడతా. చూసి చెప్పు." కాసేపు ఊపిరి తీసుకుంది. "నా సంగతి అయిపోయింది, దానికి ఏడుపు లేదు. కానీ నా రక్తం చెప్పిందంటే, తామతీ పిల్లల రక్తం కూడా రేపు చెబుతుంది. అది వింటే చాలు నాకు."

అనుమతి తీసుకుని, పెద్దమ్మ గొట్టం నంబరు కనుక్కుని, పరిశోధనశాలలో ఎవరూ లేనప్పుడు మెరే ఆ ఒక్క గొట్టం అంకెలు తెరిచింది. చెప్పి ఉంటుందనే ఆమె నమ్మకం. చెప్పి ఉంటే, పేర్లు చూడకూడదన్న నియమం వల్ల తెలిసి కూడా పెద్దమ్మను కాపాడలేకపోయామన్న బాధ మిగులుతుందని, ఆ బాధకు సిద్ధపడి చూసింది. కానీ తెరమీద కనిపించింది వేరు. ఊరందరిలోకీ ఆరోగ్యంగా ఉన్న రక్తం పెద్దమ్మదేనట. జబ్బున్న దీవికి అందరికంటే దూరాన, ఆ చివర నిలబడి ఉంది.

"ఒక్క మనిషి దగ్గర తప్పినంత మాత్రాన పరీక్ష తప్పని కాదు," అన్నాడు అలిస్టర్. "ఏ పరీక్షయినా ఒకటి రెండు చోట్ల తప్పుతుంది. నీకు అది దగ్గరి మనిషి కాబట్టి..."

"దగ్గరి మనిషని కాదు అలిస్టర్. కొద్దిగా తప్పితే ఒప్పుకుందును. ఇంత గట్టిగా ఎందుకు తప్పింది?"

అతను కుర్చీ లాక్కుని ఆ అంకెలు మళ్లీ మొదటి నుంచి చూడసాగాడు.

వారం చివర మెరే ఊరికి పోయింది. పెద్దమ్మ మంచం వంటింటి పక్క గదిలోకి మార్చారు, అక్కణ్ణుంచి పొయ్యి మీద పెత్తనం చేయడానికి వీలుగా. తామతీ రాతిగుట్టల దగ్గర కోసుకొచ్చిన ఆల్చిప్పలు ఐసు పెట్టెలో వేసుకుని, అవతలి ఒడ్డున కూతురి ఇంటికి ఇవ్వాలని బయలుదేరాడు. బయలుదేరడమంటే, పెద్దమ్మ చూసింది కాబట్టి, కూర్చుని తింటున్నాడు.

"ఒరే, ఆ పెట్టె ఎండలో పెట్టావు. చిప్పలు కుళ్లిపోతే మనవల కడుపులు చెడతాయి, నీ ఇష్టం."

"నీడలోనే ఉంది అక్కా. ఆ రోజు రక్తం పెట్టె కూడా అక్కడే పెట్టాగా. మనం తిని, పాడి, టీ తాగేదాకా ఉంది. దానికేమైంది? చిప్పలకేమవుతుంది?"

మెరే చేతిలోని రొట్టె అలాగే ఉండిపోయింది.

రక్తం తీశాక ఆలస్యం చేయకూడదని అందరికీ చెప్పింది తనే. నర్సుకు చెప్పింది, తామతీ మామయ్యకూ చెప్పింది, ఇద్దరూ బుద్ధిగా తలూపారు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి బల్ల దగ్గర కూర్చున్నారు. నవ్వొచ్చేది, ఏడుపొచ్చేది కూడా ఇక్కడే. వాళ్లలో ఎవరూ నియమం తప్పామనుకోలేదు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లెవరికీ తినడం ఆలస్యం కింద లెక్కకు రాదు. తినకుండా పోవడమే తప్పు. ఇంత చదువు చదివిన మెరేకు కూడా, చెట్టు కింద పెట్టెలో రక్తం అలా ఎదురుచూస్తోందన్న ఊహే రాలేదు. గొట్టంలో ఊరికే నిలబెడితే రక్తకణాలు పగిలి, వాటిలోని ముక్కలు, గుర్తు అనుకున్న ఆ నాలుగు కూడా, బయటికి కారతాయి. పట్నం ఆసుపత్రిలో రోగుల రక్తాన్ని పక్క గదిలో అప్పటికప్పుడే తిప్పేశారు. ఊరివాళ్ల రక్తం విందు అయ్యేదాకా ఆగింది. అందరికంటే ముందు చెయ్యి చాపింది పెద్దమ్మ, అందుకే అందరికంటే ఎక్కువసేపు ఆగింది ఆమె రక్తమే.

పట్నం వెళ్లగానే మెరే తన చేతి నుంచే రెండు గొట్టాల రక్తం తీయించుకుంది. ఒకదాన్ని వెంటనే తిప్పించింది. రెండోదాన్ని బల్ల మీద పెట్టి, మధ్యాహ్నం తిండికి వెళ్లి వచ్చాక తిప్పించింది. రెండింటినీ యంత్రం చదివాక చూస్తే, మొదటి గొట్టం ప్రకారం ఆమెకు క్యాన్సర్ ఉంది. రెండో గొట్టం ప్రకారం లేదు.

అలిస్టర్ ఆ రెండు అంకెలూ చూసి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. మంచి మనిషి, ఒక్క పొల్లు మాట అనలేదు. "మనం కనిపెట్టింది క్యాన్సర్ కాదు, భోజన విరామమన్నమాట," అని నవ్వబోయి, నవ్వలేక ఊరుకున్నాడు. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని పత్రికవాళ్లకు ఆ సాయంత్రమే తెలియజేశాడు. వెళ్లబోతూ, "మీ పెద్దమ్మకు కారణం చెప్పక్కర్లేదు మెరే. యంత్రంలో లోపమని చెప్పు చాలు," అన్నాడు.

కొండదారిలో ఊరికి పోతున్నంతసేపూ మెరే ఆ అబద్ధాన్నే నోట్లో తిప్పుకుంది. యంత్రం చెడిపోయింది పెద్దమ్మా. ఎంత తేలికైన మాట. చావబోయే మనిషి దగ్గర మిగిలిన గొప్ప ఒక్కటే, తన బల్ల దగ్గర జబ్బు గుట్టు దొరికిందన్నది. ఆ బల్లే గుట్టును పాడుచేసిందని ఏ నోటితో చెప్పడం? మంచం పక్కన కూర్చునేదాకా అబద్ధమే చెబుదామనుకుంది.

"చూశావా? చెప్పిందా?"

"చెప్పలేదు పెద్దమ్మా."

"ఎందుకని?"

ఆ కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పడం మెరేకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. కణాలు పగలడం, ముక్కలు కారడం, చెట్టు కింద పెట్టె, అన్నీ చెప్పింది. తప్పు తనదేనని, తనూ కూర్చుని తిన్నానని పదేపదే చెప్పింది. పెద్దమ్మకు అందులో ఒక్కటే వినపడింది.

"నేను తినిపించడం వల్లనా?"

మెరే తల వంచుకుంది.

హూరియా గోడవైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రం మెరే ఆ ఇంట్లోంచి ఏమీ తినకుండా బయటికి వచ్చింది. ఆ గుమ్మంలోంచి ఖాళీ కడుపుతో బయటపడ్డ మొదటి మనిషి ఆమే. పంటు మీద రెయిలింగు పట్టుకుని, చెప్పకుండా ఉండాల్సిందని తనను తాను తిట్టుకుంది.

కొన్నాళ్లకు ఫోను మోగింది. పెద్దమ్మ గొంతు సన్నబడిపోయింది, అధికారం మాత్రం తగ్గలేదు.

"ఏమే, మళ్లీ ఎప్పుడు వస్తున్నారు రక్తానికి?"

"పెద్దమ్మా, నువ్విప్పుడు..."

"నా సంగతి అడగలేదు. పాడైపోయింది కదా, మళ్లీ తీయొద్దూ? అందరికీ చెప్పేశా, వస్తామన్నారు. తొందరగా రండి. నేనుండగా రండి."

తిప్పే యంత్రాన్నే మరాయెకు తెప్పిస్తానన్నాడు అలిస్టర్, కానీ దానికి నెలలు పడతాయి. పెద్దమ్మ దగ్గర నెలలు లేవు.

మెరే, నర్సు మరాయెకు వెళ్లేసరికి అక్కడి వంటింటి తలుపు మూసి ఉంది. పొగ లేదు, గోతిలో రాళ్లు చల్లగా ఉన్నాయి. తలుపుకు అడ్డంగా చక్రాల కుర్చీలో దుప్పటి కప్పుకుని హూరియా కూర్చుంది, ఒళ్లో చేతికర్ర. వచ్చినవాళ్లు తమ ఆచారం ప్రకారం ముక్కూ నుదురూ ఆనించి పలకరించి, అలవాటుగా వంటింటి వైపు చూసి, ఏమీ అర్థంకాక తిరిగి చూస్తున్నారు. టీ కూడా లేదా అని ఒక ముసలాయన గొణిగితే, "రక్తం ఒడ్డు దాటాక ఇస్తా, అందాకా నోరు మూసుకో," అని గదమాయించింది. ఈసారి ముందుగా చెయ్యి చాపలేదు. "నాది చివర. ఆగకుండా పోవాలి నాది," అంది. సూది దిగడానికి ఆమె చేతిలో నరం దొరకడమే కష్టమైంది.

తామతీ పెట్టె వ్యాన్‌లో పెట్టి తలుపు వేశాడు. వేసి, కాళ్లకు అలవాటైన దారిలో భోజనాల గది వైపు నడిచాడు.

"ఎటురా?"

"చేతులు కడుక్కుందామని..."

"పో."

"అక్కా, పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఒక్క రొట్టె ముక్క..."

"ముక్క చేతిలో పెడితే కూర్చుంటావు, కూర్చుంటే కబుర్లు మొదలెడతావు. నీ సంగతి నాకు తెలీదూ? పంటు వచ్చింది, పో. పోరా!"

చేతికర్ర ఎత్తింది. అరవై ఏళ్లు పైబడిన మనిషి, ఇంతవరకు అక్క చేత ఒక్కసారీ పొమ్మనిపించుకోనివాడు, మొహం పక్కకు తిప్పుకుని వ్యాన్ ఎక్కాడు. పంటు నీళ్ల మధ్యకు చేరేదాకా హూరియా రెప్ప వేయకుండా చూసింది. తర్వాత కర్ర జారవిడిచి, "నా తమ్ముణ్ణి ఆకలితో పంపించానే," అని మెరే చెయ్యి పట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఆమె ఏడవడం మెరే చూడటం అదే మొదలు, పెద్దనాన్న పోయినప్పుడు కూడా చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేయాలో తెలియక నిలబడిపోయారు. కాసేపటికి తనే కళ్లు తుడుచుకుని, "ఏం చూస్తున్నారు? తలుపు తీసి పొయ్యి వెలిగించండి," అంది.

ఆ సాయంత్రం మంచం మీద పడుకుని ఇంకో మాట చెప్పింది.

"మిగిలింది చుక్క లేకుండా ఇంటికి తెమ్మన్నాగా. ఆ షరతు పెట్టింది నేను, నా వరకు నేనే మారుస్తున్నా. చెట్టుకింద పాడైన గొట్టముందే, అది తెచ్చి నాతో పంపించు. ఈ రోజుది మంచిది, నీ దగ్గరే ఉంచుకో. పని అయ్యేదాకా ఉంచుకో."

చలి తగ్గక ముందే ఆమె పోయింది.

మరాయెలో సభామందిరం ఎదుట పేటిక తెరిచి ఉంచారు. చుట్టూ చనిపోయినవాళ్ల ఫొటోలు, మధ్యలో ఆమె మొగుడిది. ఆడవాళ్లు నల్లబట్టలు కట్టుకుని, తలకు ఆకుల దండలు చుట్టుకుని ఆమెను విడవకుండా కూర్చున్నారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టే ఆమెతో మాట్లాడారు. ఒకాయన తిట్టాడు, ఒకావిడ పాత దెబ్బలాట తవ్వి తీసి క్షమించమంది. కౌన్సిలు ఉద్యోగి కూడా వచ్చాడు. కుక్కల సంగతి ఇంకా తేలలేదమ్మా అని అతను అంటే, ఏడుస్తున్నవాళ్లంతా నవ్వారు.

మూత వేసే ముందు మెరే లేచింది. పట్నం నుంచి ఐసు పెట్టె తనే మోసుకుని, దారిలో ఎక్కడా ఆగకుండా తెచ్చింది. చిన్న గొట్టం తీసి, చల్లబడ్డ ఆ అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"పెద్దమ్మా, పాడైంది తెచ్చాను. మంచిది నా దగ్గరుంది." మూసిన ఆ వేళ్లను వదలకుండానే చెప్పింది. "అడిగావుగా, చెబుతున్నా. ఆ రోజు రక్తం ఆగకుండా చేరింది, బాగా చదివింది యంత్రం. మన గుర్తు లేదు పెద్దమ్మా. మొత్తం పోయింది. జబ్బున్న నువ్వూ, ఏ జబ్బూ లేని ఊరివాళ్లూ పక్కపక్కనే ఉన్నారు, ఎవరికి ఉందో ఎవరికి లేదో అది చెప్పలేకపోతోంది. నేను మళ్లీ మొదటి నుంచి వెతకాలి. నీకు చెప్పలేకపోయిన దాన్ని పిల్లలకైనా చెప్పేలా చేయాలి. చేయగలనో లేదో తెలీదు."

చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. కానీ పాట మొదలైంది, పేటికకు మూత పడింది.

గుట్ట మీద పూడ్చి వచ్చి, శ్మశానం వాకిట్లో నీళ్లతో చేతులు కడుక్కుని, అందరూ భోజనాల గదిలోకి వెళ్లారు. గోతిలో వండిన మాంసం, దుంపలు, ఆల్చిప్పలు, వేయించిన రొట్టెలు బల్లల నిండా పెట్టారు. తామతీ ఆ చివర కూర్చున్నాడు. పళ్లెం ముందుంది, చెయ్యి పెట్టలేదు. పక్కవాళ్లు ఎంత చెప్పినా వినకుండా, కిటికీలోంచి చెట్టు కింద తన వ్యాన్‌ను చూస్తున్నాడు.

మెరే వెళ్లి పక్కన కూర్చుంది.

"ఏం మామయ్యా, తినవేం?"

"అక్క ఆ రోజు నన్ను పొమ్మంది మెరే. ఆకలిగా ఉందన్నా పొమ్మంది. ఇప్పుడు నోట్లో పెట్టుకుంటే దిగట్లేదు."

మెరే ఒక రొట్టె తుంచి, పులుసులో ముంచి, పెద్దమ్మ పెట్టినట్టే అతని చేతిలో పెట్టింది.

"తిను మామయ్యా. ఇవాళ వ్యాన్‌లో ఏమీ లేదు."